హాస్య పాత్రలు చేయడం ఎక్కడ నేర్చుకోవాలి? నాటక సమాజం, ఇంప్రొవ్, మైమ్, స్టాండప్, కెమెరా క్లాసు: దేనితో ఏం వస్తుంది, ఏం రాదు

ఒక అల్లుడు చెప్పాపెట్టకుండా మామగారింటికి వచ్చాడు. అతనికి అప్పు కావాలి. మామగారు అరుగు మీద పేపరు చదువుకుంటూ, తల ఎత్తకుండానే, "ఏం అల్లుడుగారూ, ఇలా వచ్చారు?" అన్నారు.

"ఊరికే, చూసి పోదామని వచ్చానండీ. మీరు బాగున్నారా? అత్తయ్యగారు బాగున్నారా? పొలం కాగితాలు బాగున్నాయా?"

చదివితే నవ్వొచ్చే మాటే. స్టేజీ ఎక్కాక మాత్రం చాలామంది నోట తేలిపోతుంది. ఒకరు 'పొలం కాగితాలు' అనే ముందు కన్ను గీటుతారు. ఒకరు అక్కడ గొంతు పెంచుతారు. ఒకరు 'బాగున్నాయా' అన్న చివరి మాట మింగేస్తారు. ఇంకొకరు చెప్పేసి జనం వైపు తిరిగి నవ్వు కోసం ఎదురుచూస్తారు. ఎవరి లోపం వారిది, ఎవరికి కావలసిన శిక్షణ వారిది. అందుకే స్నేహితుడు చేరిన చోటే మనమూ చేరడం, ఫీజు తక్కువని ఒకచోట చేరడం చాలాసార్లు కాలం వృథా చేస్తాయి. ఈ అల్లుణ్ణి వెంటబెట్టుకుని ఒక్కో చోటికీ వెళ్లి చూద్దాం. ఇంప్రొవ్ అంటే స్క్రిప్టు లేకుండా అక్కడికక్కడ ఆడడం, మైమ్ అంటే మాట లేకుండా శరీరంతో నటించడం, స్టాండప్ అంటే ఒక్కరే జనం ముందు నిలబడి మాటలతో నవ్వించడం.

## చేరేముందు ఒక పరీక్ష

ఫోన్‌ని బల్ల మీద ఛాతీ ఎత్తులో నిలబెట్టి, ఆరడుగుల దూరంలో నిలబడండి. ఇంట్లో ఎవరినైనా మామగారి మాట చదవమనండి. పై డైలాగుని మూడుసార్లు రికార్డు చేయండి. మొదటిసారి అల్లుడు గడుసువాడు: కాగితాల మాట కావాలనే తెచ్చాడు. రెండోసారి భయస్థుడు: మనసులో ఉన్నది నోరు జారి బయటపడింది. మూడోసారి ఏమీ అనుకోకుండా చెప్పండి.

మర్నాడు చూడండి, అదే రోజు వద్దు. మొదట శబ్దం తీసేసి చూడండి. ఈ మనిషికి ఏదో కావాలని మాట వినకుండానే తెలుస్తోందా? చేతులు ఏం చేస్తున్నాయి? తర్వాత ఫోన్ బోర్లాపెట్టి వినండి. మూడు ప్రశ్నలూ ఒకే బరువుతో ఉన్నాయా? గడుసువాడికీ భయస్థుడికీ తేడా వినపడుతోందా?

తేడా ఉండవలసింది మూడో ప్రశ్నకి ముందు. గడుసువాడు అక్కడ అర సెకను ఆగుతాడు, ఎందుకంటే ఎంచుకుని అడుగుతున్నాడు. భయస్థుడు అసలు ఆగడు. ముందు రెండు ప్రశ్నల ఊపులోనే మూడోది జారిపోతుంది, అడిగేశాక ఆగుతాడు. ఒకే మాట, విరామం అటు నుంచి ఇటు మారింది, మనిషే మారిపోయాడు. పాత్రని అర్థం చేసుకోవడం, టైమింగ్ అనేవి రెండు వేరు విద్యలని చాలామంది అనుకుంటారు. టైమింగ్ అంటే పాత్ర ఆలోచించడానికి పట్టే సమయం, అంతే. ఆలోచన ఖాయం చేసుకోకుండా విరామాలు లెక్కపెట్టుకుంటే మొదటి ప్రదర్శనలో పేలిన మాట రెండో ప్రదర్శనలో పేలదు.

తెలుగులో ఇంకో ఇబ్బంది ఉంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది. నవ్వు తెప్పించే మాట మధ్యలో పడి, దాని వెనకాల తోకలా క్రియ మిగులుతుంది. "పొలం కాగితాలు" దగ్గరే జనానికి అర్థమైపోతుంది, "బాగున్నాయా" ఇంకా చెప్పాలి. ఆ ఒక్క మాటని తొందరపడి మింగితే నవ్వు తెగుతుంది, ముందు రెంటితో సమానంగా స్పష్టంగా పలికితే నవ్వుకి అర క్షణం చోటు దొరుకుతుంది. తోక రెండు మూడు మాటలకంటే పొడవైతే మాత్రం రచయితతోనో దర్శకుడితోనో మాట్లాడి వాక్యం తిప్పించుకోవడం మంచిది. "పొలం కాగితాలు బాగున్నాయేమో ఒకసారి చూసి పోదామని వచ్చానండీ" అని రాసుకుంటే అదే హాస్యం సగం చచ్చిపోతుంది.

## ఏ చోటినైనా దేనితో తూచాలి

మొట్టమొదటిది: మీ గురించి ఏమీ తెలియని జనం ముందు నెలకి ఎన్నిసార్లు నిలబెడతారు? ఏడుపు సీను గదిలో నేర్చుకోవచ్చు, హాస్యం గదిలో పూర్తిగా రాదు. తోటి విద్యార్థుల నవ్వు స్నేహం కొద్దీ వచ్చే నవ్వు, దాన్ని నమ్ముకోకూడదు.

రెండోది: రాసిన మాటని పట్టుకుని పాత్రని విప్పడం నేర్పుతారా? 'ఈ మనిషికి ఏం కావాలి, ఏం దాస్తున్నాడు, ఎవరికి భయపడుతున్నాడు' అని అడిగే గురువు దొరికితే సగం పని అయినట్టే. నాట్యశాస్త్రం హాస్యానికి కారణాలు చెబుతూ వికృతమైన వేషంతో పాటు ధార్ష్ట్యాన్నీ లౌల్యాన్నీ అసత్ప్రలాపాన్నీ లెక్కవేసింది. అంటే సిగ్గులేనితనం, ఆశపోతుతనం, పొంతనలేని మాట. మన అల్లుడిలో ఉన్నది మర్యాద ముసుగేసుకున్న లౌల్యం. ఈ పద్ధతిలో పేరుపెట్టి చూపించగల చోటు గెటప్ మీద ఆధారపడదు.

మూడోది ఎదుటి నటుడు. పై సీనులో సగం నవ్వు మామగారిది. ఒంటరిగా సాధన చేయించే చోట ఆ సగం రాదు. నాలుగోది శరీరం. ఐదోది, తప్పు ఎలా చెబుతారన్నది. "బాగా చేశావు, ఇంకొంచెం ఎనర్జీ కావాలి" అనేది సలహా కాదు. "రెండో ప్రశ్న దగ్గరే నీ కళ్లు బీరువా వైపు వెళ్లాయి, అందుకే మూడోది ముందే తెలిసిపోయింది" అనేది సలహా.

ఇక కాలం, డబ్బు. ఫీజు ఎంతని అడిగేముందు మనిషికి ఎన్ని నిమిషాలు వస్తాయో లెక్కవేయండి. ముప్పైమంది ఉన్న బ్యాచ్‌లో రెండు గంటల క్లాసంటే తలా నాలుగు నిమిషాలు. పన్నెండు మందైతే పది నిమిషాలు.

| చోటు | కొత్త జనం | పాత్ర విశ్లేషణ | ఎదుటి నటుడు | శరీరం | పట్టే కాలం |
|---|---|---|---|---|---|
| నాటక సమాజం | ఉంటుంది, కానీ నెలల ఎడంతో | దర్శకుణ్ణి బట్టి, మంచిచోట చాలా ఎక్కువ | ఎప్పుడూ | మధ్యస్థం | ఒక నాటికకి నెల, నెలన్నర |
| ఇంప్రొవ్ | క్లాసు చివర షో ఉంటే | తక్కువ | చాలా ఎక్కువ | మధ్యస్థం | వారానికోసారి, రెండు మూడు నెలలు |
| మైమ్, క్లౌన్ | తక్కువ | మాట లేకుండా పాత్ర | మధ్యస్థం | పూర్తిగా ఇదే | వర్క్‌షాప్ వారం, పట్టు రావడానికి ఏడాది |
| స్టాండప్ | అన్నిటికంటే ఎక్కువ | దాదాపు లేదు | లేదు | తక్కువ | వారానికి ఒకటి రెండు రాత్రులు |
| మిమిక్రీ | బాగానే | లేదు | లేదు | ముఖం, గొంతు | సొంత సాధన |
| కెమెరా క్లాసు | లేదు | మధ్యస్థం | కొంత | ముఖం, కళ్లు | మూడు నెలల నుంచి |
| విశ్వవిద్యాలయం | మధ్యస్థం | ఎక్కువ | ఎక్కువ | ఎక్కువ | రెండు మూడేళ్లు |

## నాటక సమాజం

ఒక్కటే ఎంచుకోగలిగితే ఇదే ఎంచుకోండి. రాసిన పాత్రని, ఎదుటి నటుణ్ణి, డబ్బూ పొద్దూ పెట్టి వచ్చిన జనాన్ని ఒకేచోట ఇచ్చేది ఇదొక్కటే. మన దగ్గర నాటక పరిషత్తుల పోటీల్లో ఆడే నాటిక గంట అటూ ఇటూగా ఉంటుంది. దానికోసం నెల నుంచి నెలన్నర పాటు సాయంత్రాలు రిహార్సల్ చేస్తారు. మొదట రీడింగులు, తర్వాత పోర్షన్, అంటే ఎవరి డైలాగులు వారికి, నోటికి రావడం, ఆపైన మూవ్‌మెంట్లు, చివరి వారం సామాన్లతో పూర్తి రిహార్సళ్లు.

హాస్య పాత్ర వేసేవారికి ఇందులో ఒక గండం ఉంది. మొదటి రీడింగులో మీ డైలాగుకి అందరూ పగలబడి నవ్వుతారు. పదిహేనో రోజుకి ఒక్కరూ నవ్వరు, ఎందుకంటే అప్పటికి అందరికీ కంఠతా వచ్చేసింది. అప్పుడే నటుడికి అనుమానం మొదలవుతుంది. ఒక మాట కలుపుతాడు, ఒక వంకర చూపు చేరుస్తాడు, కండువా సర్దుకోవడం ఒకటి తగిలిస్తాడు. ప్రదర్శన నాటికి అసలు డైలాగు వీటన్నిటి కింద నలిగిపోతుంది. పదిహేనో రోజు నుంచి ఏమీ కలపకూడదు. మొదటి రీడింగులో నవ్వు ఎక్కడెక్కడ వచ్చిందో స్క్రిప్టులో పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుని, ఆ గుర్తుల్నే నమ్మాలి. చివరి వారంలో నాటిక గురించి తెలియనివాళ్లని రోజుకి ఇద్దరు ముగ్గుర్ని తెచ్చి కూర్చోబెడితే నిజం తెలిసిపోతుంది.

జనం నవ్వుతుంటే ఎప్పుడు మాట్లాడాలన్నది కూడా ఇక్కడే వస్తుంది. నవ్వు లేస్తుంది, శిఖరానికి చేరుతుంది, దిగుతుంది. పూర్తిగా ఆగేదాకా ఆగితే సీను చల్లబడిపోతుంది. లేస్తుండగానే మాట్లాడితే జనం నోరు మూసుకుని వినడం మొదలుపెడతారు, ఆ రాత్రంతా మళ్లీ గట్టిగా నవ్వరు. దిగడం మొదలైన క్షణంలో అందుకోవాలి. ఆగినంతసేపూ బొమ్మలా నిలబడకూడదు. పాత్ర చేస్తున్న పని సాగాలి, కానీ కొత్త కదలిక ఉండకూడదు. మామగారి మాటకి వచ్చిన నవ్వు నడుస్తుండగా అల్లుడు కుర్చీ జరిపితే చూపులన్నీ కుర్చీ మీదికి పోయి నవ్వు తెగుతుంది.

పద్యనాటకంలో నక్షత్రకుడి పాత్ర వేసిన అనుభవజ్ఞుల్ని చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. హరిశ్చంద్రుణ్ణి అప్పు కోసం పీడించే నక్షత్రకుడికి తాను హాస్య పాత్రనని తెలియదు. గురువు అప్పగించిన పని ఎంత కష్టమో, తనెంత అలిసిపోయాడో, అదే అతని గోడు. ఆ గోడు ఎంత నిజమైతే జనానికి అంత నవ్వు. ఇలాంటి ప్రదర్శన చూడడానికి సురభి వారి నాటకాలకి వెళ్లండి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన కుటుంబ నాటక సంప్రదాయం అది. తరాలుగా ఇంట్లోనే పాత్రలు నేర్చుకున్నవాళ్లు ఎంత తక్కువ ఆర్భాటంతో నవ్వు రాబడతారో గమనించవచ్చు.

లోటుపాట్లూ ఉన్నాయి. కొత్తవాళ్లకి మొదటి ఏడాది చిన్న పాత్రలే వస్తాయి, ప్రాంప్టింగూ సామాన్ల పనీ చేయాల్సి వస్తుంది. వేలాడే మైకుల కింద ఆడడం అలవాటైనవారికి మైకు వైపు జరిగి మాట్లాడే జబ్బు వస్తుంది. కొందరు దర్శకులు డైలాగు తామే చెప్పి చూపించి "అచ్చం ఇలాగే చెప్పు" అంటారు. అక్కడ ఆ నాటిక బాగా వస్తుంది, మీకు నటన రాదు. చేరేముందు రెండు రిహార్సళ్లు ఊరికే కూర్చుని చూస్తే ఇది బయటపడుతుంది.

## ఇంప్రొవ్

చికాగోలో వయోలా స్పోలిన్ వలస కుటుంబాల పిల్లలతో ఆడించిన ఆటల నుంచి పెరిగిన పద్ధతి ఇది. ఆమె కొడుకు పాల్ సిల్స్ 1959లో మరికొందరితో కలిసి సెకండ్ సిటీ అనే బృందాన్ని పెట్టాక హాస్య నటులకి ఇదొక బడి అయింది. స్క్రిప్టు ఉండదు. ఎదుటివారు ఇచ్చిన మాటని ఒప్పుకుని, దానికి ఇంకొకటి కలపాలి. మనకిది పూర్తిగా కొత్తేమీ కాదు. బుర్రకథలో హాస్యం చెప్పే వంత చేసే పనిలో దీని ఛాయ ఉంది: కథకుడి మాట విని, పట్టుకుని, అక్కడికక్కడ అడ్డుపడడం.

దీనివల్ల అన్నిటికంటే గట్టిగా వచ్చేది వినడం. తన వంతు కోసం కాచుకుని కూర్చునే నటుడికి ఇంతకంటే మందు లేదు. రెండోది హోదా ఆట. కీత్ జాన్‌స్టన్ అనే దర్శకుడు లండన్‌లో నటులతో పని చేస్తూ, తర్వాత కెనడాలో నేర్పుతూ దీన్ని విస్తరించాడు. ఒకటి నుంచి పది దాకా చీటీలు రాసి తలా ఒకటి తీస్తారు. పది తీసినవారు నెమ్మదిగా కదులుతారు, తల కదల్చకుండా మాట్లాడతారు. ఒకటి తీసినవారు ముఖం తడుముకుంటారు, సగం మాటలో ఆగుతారు. మన సీనుని దీంతో ఆడి చూడండి. మామగారు తొమ్మిది. అల్లుడు రెండు, కానీ తొమ్మిదిలా కనపడాలని చూస్తున్నాడు. ఈ ఒక్క సూచనతో అల్లుడి నడక, కూర్చునే తీరు, గొంతు అన్నీ వాటంతటవే మారతాయి.

ఎక్కడ చెడుతుందంటే, ఆరునెలలు ఇదే చేసినవారు రాసిన మాటని గౌరవించడం మానేస్తారు. నాటికలో సొంత మాటలు దూరుస్తారు, ఎదుటివారికి అందించాల్సిన ఆఖరి మాట అందదు, సీను గాడి తప్పుతుంది. దీన్ని నాటకంతో పాటు చేసుకోవాలి తప్ప దానికి బదులుగా కాదు.

అమెరికాలో, ఇతర దేశాల్లో ఉన్న తెలుగువారికి ఇంప్రొవ్ క్లాసులు దగ్గర్లోనే దొరుకుతాయి, లెవెల్స్‌గా ఉంటాయి. అక్కడ ఇంగ్లీషులో నేర్చుకున్న వినికిడి, హోదా తెలుగు స్కిట్‌కి చక్కగా పనికొస్తాయి. విరామాలు మాత్రం పనికిరావు, ఎందుకంటే ఆ భాషలో నవ్వు మాటని వాక్యం చివరికి తెచ్చుకోవడం తేలిక. సంఘం వేడుకల స్కిట్ చేసేవారు తెలుగులో వేరుగా సాధన చేసుకోవాలి.

## శరీరంతో నవ్వించడం: మైమ్, క్లౌన్, మన వేషాలు

పరీక్షలో శబ్దం తీసేసి చూసినప్పుడు ఏమీ కనపడనివారు ఇక్కడికి రావాలి. పారిస్‌లో జాక్ లెకాక్ 1956లో పెట్టిన బడి ముసుగుల నుంచి మొదలుపెట్టి ఎర్ర ముక్కు క్లౌన్ దాకా తీసుకెళ్లే పద్ధతికి పేరుపడింది. దాని ప్రభావంతో నేర్పేవారి వర్క్‌షాపులు మన దేశంలో పెద్ద నగరాల్లో జరుగుతుంటాయి. పగటివేషగాళ్ల నడక, తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా దూసుకొచ్చే తీరు దగ్గరగా చూసినా ఈ విద్యలో చాలా సంగతులు దొరుకుతాయి. బొమ్మకి ముఖకవళికలు మారవు. నవ్వంతా ఎప్పుడు వచ్చింది, ఎంత దూరంలో ఆగింది అన్నదాంట్లోనే ఉంటుంది.

ఈ విద్యలో ఒక్క అంశం విప్పి చూపిస్తాను: రెండో చూపు. మామగారికి ఇదే కావాలి. "పొలం కాగితాలు బాగున్నాయా?" అని అల్లుడు అడగగానే మామగారు ఉలిక్కిపడితే అది మామూలు రియాక్షన్. రెండో చూపు ఇలా ఉంటుంది.

1. మాట వింటారు, చెవికి అందింది కానీ బుర్రకి అందలేదు. "ఆఁ, బాగానే ఉన్నాయి" అంటారు.
2. పేపరు పేజీ తిప్పడం మొదలుపెడతారు.
3. పేజీ సగంలో, గాల్లో ఆగుతుంది. తల ఇంకా కదలలేదు.
4. ఇప్పుడు కళ్లు, ఆ తర్వాత తల, అల్లుడి వైపు.

దాదాపు అందరూ తప్పేది మూడో మెట్టు దగ్గర. చెయ్యి ఆగకముందే తల తిరిగిపోతుంది. చెయ్యి ముందు ఆగితే జనానికి మామగారి బుర్రలో అర్థం దిగుతున్నది కంటికి కనపడుతుంది, నవ్వు అక్కడే మొదలవుతుంది. తల తిరిగేసరికి అది పెద్దదవుతుంది. పేపరుతో రోజుకి పదిసార్లు, రెండు వారాలు చేయండి. తర్వాత టీ గ్లాసుతో, చెప్పు వేసుకుంటూ, తాళం తీస్తూ చేసి చూడండి.

పడిపోవడాలు మాత్రం సొంతంగా నేర్చుకోవద్దు. పరుపు, నేర్పేవారు ఉండాలి. కొత్తవాళ్లు పడేటప్పుడు అరచేయి నేలకి ఆనిస్తారు, మణికట్టు విరిగేది అలాగే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. లావు, నత్తి, అవిటితనం, మగవాడికి చీర కట్టించడం, ఇవే హాస్యమని నేర్పే చోట చేరకండి. మనుషులకి నొప్పి కలిగించడం అటుంచితే, అక్కడ నటన అవసరమే రాదు. గెటప్ తీసేసిన రోజు మీ చేతిలో ఏమీ మిగలదు.

## స్టాండప్, మిమిక్రీ

స్టాండప్‌కి ఉన్న ఒకే ఒక గొప్ప బలం జనం. హైదరాబాదులో ఓపెన్ మైక్ రాత్రుల్లో కొత్తవారికి నాలుగైదు నిమిషాలు ఇస్తారు. అదే ఐదు నిమిషాల్ని పదిచోట్ల చెప్పి, ప్రతిసారీ రికార్డు చేసి, నవ్వు ఎక్కడ వచ్చిందో పక్కపక్కన పెట్టి చూస్తే మాటల పొదుపు వస్తుంది. స్టేజీ భయం పోవడానికి కూడా ఇంతకంటే దగ్గరి దారి లేదు. కానీ ఇది పాత్రధారణ కాదు. జనం కళ్లలోకి చూడడం ఇక్కడ గుణం, నాటకంలో దోషం. మూడు నెలలు చేసి, నాటకానికి వచ్చేటప్పుడు ఆ చూపు వదిలించుకోవాలి.

మిమిక్రీ చెవికి సాన పెడుతుంది. వరంగల్లుకి చెందిన నేరెళ్ళ వేణుమాధవ్ దాన్ని గౌరవనీయమైన కళగా నిలబెట్టారు. తెలుగు సినిమా హాస్యంలోకి ఆ దారిన వచ్చినవారూ ఉన్నారు. పాత్రల కోసమైతే నటుల గొంతులకంటే యాసల మీద శ్రమపడండి. శ్రీకాకుళం, గోదావరి, చిత్తూరు, కరీంనగర్ వాడుకలో ఒక్కోటి పావుగంట పాటు మాట్లాడగలగాలి, అదీ కోపంలో, భయంలో, బేరంలో. యాసే నవ్వు అనుకుని చెబితే ఆ ప్రాంతం మనిషే నవ్వడు. పాత్ర నవ్వు తెప్పించాలి, యాస అతని ఊరు మాత్రమే చెప్పాలి.

## కెమెరా క్లాసు

సినిమాకి, వెబ్ సిరీస్‌కి వెళ్లాలనుకునేవారు ముందు ఇక్కడికే పరిగెత్తుతారు. ఇది రెండోదిగా నేర్చుకుంటేనే లాభం. కెమెరా ముందు నవ్వు వినపడదు. ఎక్కడ నవ్వొస్తుందో ముందే తెలిసినవాడికే అక్కడ ధైర్యం ఉంటుంది.

తేడాలు ఇవి. స్టేజీ మీద నవ్వు కోసం ఆగుతారు, కెమెరా ముందు ఆగకూడదు. సీను వేగం చివరికి ఎడిటర్ చేతిలో ఉంటుంది. అందుకే డైలాగు అయ్యాక ముఖం వెంటనే వదిలేయకుండా, కట్ అనేదాకా రెండు మూడు సెకన్లు పాత్రలోనే ఉండాలి. ఆ సెకన్లు లేకపోతే మంచి రియాక్షన్ కూడా వాడుకోవడానికి పనికిరాదు. క్లోజప్‌లో రెండో చూపు మొత్తం కళ్లలోనే జరగాలి, తల ఒక అంగుళం కదిలితే చాలు. పూర్తిగా కనపడే వైడ్‌లో పేపరు కూడా ఆడవచ్చు. కాబట్టి టేక్ ముందు ఫ్రేమ్ ఎక్కడిదాకా ఉందో కెమెరా వారిని అడిగి తెలుసుకోవడం నామోషీ కాదు.

కంటిన్యుటీ, అంటే ప్రతి టేక్‌లోనూ కదలికలు ఒకేలా ఉండడం, హాస్య నటుల్ని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. పేజీ ఏ అక్షరం దగ్గర ఆగిందో ప్రతి టేక్‌లోనూ అక్కడే ఆగాలి. ఇంట్లో ఫోన్ పెట్టుకుని టీ గ్లాసుతో ఒకే డైలాగుని పదిసార్లు చెప్పండి, గ్లాసు బల్ల మీద పెట్టే క్షణం పదిసార్లూ ఒకే మాట మీద పడాలి.

ఇన్‌స్టిట్యూట్ ఎంచుకునేటప్పుడు మూడు అడగండి. మనిషికి వారానికి కెమెరా ముందు ఎన్ని నిమిషాలు? తీసినది తిరిగి చూపించి మాట్లాడతారా? ఎదుటి పాత్రని ఎవరు చెబుతారు, తోటి నటుడా, గోడా? వేషం ఇప్పిస్తామని హామీ ఇస్తే అక్కడికక్కడే వచ్చేయండి. షూటింగ్ సెట్లో లైట్‌మన్ నవ్వాడా లేదా అన్నది కొలమానంగా పెట్టుకోవడం కూడా మానేయండి. అతను పని చేసుకుంటున్నాడు.

విశ్వవిద్యాలయాల గురించి కొద్దిగా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల్లో పీజీ ఉంది, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ శాఖ ఉంది. ఢిల్లీలో 1959లో మొదలైన నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సు, దానికి డిగ్రీతో పాటు నాటకానుభవం అడుగుతారు. జీవితమంతా ఇదే అనుకున్నవారికి ఇవి గొప్ప పునాది. హాస్యం ఒక్కదాని కోసమే వెళ్లేవి కావు.

## ఎవరికి ఏది

ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు మాత్రమే ఉన్నవారు ముందు ఇంప్రొవ్‌లో మూడు నెలలు చేసి, సెలవులు కుదిరే సీజన్ చూసుకుని ఒక్క నాటికకి మాటివ్వండి. సాయంత్రం రిహార్సల్‌కి వారానికి మూడుసార్లు ఎగ్గొట్టేవారికి సమాజాలు రెండోసారి పాత్ర ఇవ్వవు.

ఇరవై ఏళ్ల వయసులో సినిమా లక్ష్యంగా ఉన్నవారికి ఏడాది నాటకం, పక్కన వారం రోజుల మైమ్ వర్క్‌షాప్ ఒకటి, ఆపైన మూడు నెలల కెమెరా క్లాసు. ఈ వరస తిప్పితే ముఖంతో మాత్రమే నటించే అలవాటు పడి, శరీరం ఎప్పటికీ రాదు.

ఆడవారికి నాటక సమాజాల్లో పాత్రలు త్వరగా దొరుకుతాయి. చాలా సమాజాలు స్త్రీ పాత్రలకి బయటి నుంచి వృత్తి నటీమణుల్ని పిలిపించుకునేవే కాబట్టి, స్థానికంగా ఉండి రిహార్సల్‌కి వచ్చేవారిని వదులుకోవు. హాస్య పాత్ర అనగానే గయ్యాళి వేషమే ఇస్తారు. దాన్ని అరుపులతో చేయకుండా, ఆవిడ తన పక్షాన న్యాయం ఉందని మనస్ఫూర్తిగా నమ్మినట్టు చేయండి. సూర్యకాంతం గారి బలమంతా అదే. రిహార్సల్ ఎన్నింటికి ముగుస్తుంది, ఇంటికి ఎలా చేరతారు అన్నది మొదటిరోజే మాట్లాడుకోవాలి.

మాట బాగుండి, జనం ముందు నోరు పెగలనివారికి స్టాండప్. నలుగురిలో గలగలా మాట్లాడేసి, స్క్రిప్టు చేతికిస్తే చదివినట్టు చెప్పేవారికి నాటకం తప్ప వేరే దారి లేదు. అరవై దాటినవారు, మోకాళ్ల నొప్పులున్నవారు క్లౌన్ వర్క్‌షాపులకి పోనక్కర్లేదు. మామగారి పాత్రలు వారి కోసమే ఉన్నాయి, రెండో చూపు కూర్చునే చేయవచ్చు.

ఊళ్లో ఏ సమాజమూ లేనివారు ముగ్గురు కలిస్తే చాలు. ఒకరు అల్లుడు, ఒకరు మామగారు, ఒకరు చూసి తప్పు చెప్పేవారు. వారానికోసారి పాత్రలు మార్చుకోండి. ఆరు వారాల్లో ఒక పది నిమిషాల సీను తయారుచేసి, వినాయక చవితి పందిట్లోనో బడి వార్షికోత్సవంలోనో ఆడండి.

## పాత్ర చేతికొచ్చింది, నెలే ఉంది

క్లాసులకి వ్యవధి లేదు. మొదటి వారం స్క్రిప్టుని హాస్యం సంగతి మరిచిపోయి చదవండి. మీ పాత్రకి ప్రతి సీనులో ఏం కావాలో ఒక్క వాక్యంలో రాసుకోండి: "సంతకం పెట్టించుకోవాలి", "అప్పు సంగతి భార్యకి తెలియకూడదు". వాక్యం "అందర్నీ నవ్వించాలి" అని వచ్చిందంటే మళ్లీ చదవాలి. రెండో వారం నుంచి పోర్షన్ పూర్తిగా నోటికి రావాలి. తడుముకునేవాడికి టైమింగ్ ఉండదు, గుర్తు తెచ్చుకోవడానికి పట్టే సమయం పాత్ర ఆలోచించే సమయాన్ని తినేస్తుంది. మూడో వారం ఎదుటి నటుడితో విడిగా కూర్చుని, ఒకరి డైలాగులు ఒకరు చెప్పుకోండి. అల్లుడి మాటలు మామగారి నోట విన్నప్పుడు ఎక్కడ ఆగాలో రెండువైపులా తెలుస్తుంది.

ఆఖరి వారం అసలు సామాను వాడండి. రిహార్సల్‌లో నోట్‌బుక్ తిప్పి, ప్రదర్శన రోజు పేపరు పట్టుకుంటే పేజీ అంటుకుపోతుంది, రెండు పేజీలు ఒకేసారి తిరుగుతాయి, నవ్వు పోతుంది. పాత పేపరొకటి తీసుకుని, తిప్పవలసిన పేజీ మూలని ముందే కొద్దిగా మడిచి పెట్టుకోండి. తిప్పితే చప్పుడు చేసే పేపరైతే ఇంకా మంచిది, పేజీ ఆగిన నిశ్శబ్దం ఆఖరి వరసదాకా వినపడుతుంది.